కాన్పుకు ముందూ వెనకా



ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆవిడను ఈ మండలంలో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆవిడ సిస్టరమ్మే. ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా చేరి, ఈ ఊళ్ల మధ్యే ఉద్యోగమంతా చేసి, ఇక్కడే రిటైరయ్యారు. నేను ప్రభుత్వ ఆస్పత్రిలో ప్రసూతి వైద్యురాలిగా ఉన్న కాలంలో ఆవిడ పంపిన గర్భిణులు నా దగ్గరికి వచ్చేవారు. చేతిలో ఒక చీటీ ఉండేది. దాని మీద మూడు సంగతులు రాసేవారు: బీపీ ఎంత, రక్తం ఎంత, ఇంట్లో ఈమెకు తోడు ఎవరున్నారు. మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోది ఆవిడ తప్ప ఇంకొకరు రాయగా నేను చూడలేదు. "అత్త మంచం మీదుంది, భర్త హైదరాబాదులో సెంట్రింగ్ పని, తోడు పక్కింటి పెద్దమ్మ" అని ఒక చీటీలో ఉండేది. ఆ ఒక్క వాక్యంతో ఆమెను ఎన్ని రోజులు వార్డులో ఉంచుకోవాలో, ఇంటికి పంపేటప్పుడు ఎవరిని కూర్చోబెట్టి చెప్పాలో నాకు తెలిసిపోయేది.

ఆ మూడో సంగతి గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. మనం సాయాన్నంతా కాన్పు రోజు చుట్టూ కట్టుకున్నాం. అంతకు ముందున్న నెలలనూ, ఆ తర్వాత వచ్చే వారాలనూ కుటుంబానికి, అదృష్టానికి వదిలేశాం. ఆడమనిషి ఎక్కువగా ఒంటరిదయ్యేది సరిగ్గా ఆ రెండు చోట్లే.

ముందుగా సాధించినదాన్ని గౌరవంగా చెప్పుకోవాలి. 2001-03 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 లెక్కల్లో ఆ సంఖ్య తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశం సగటు 97. ఇది ఊరికే రాలేదు. 2005లో 108 బండ్లు వచ్చాయి. అదే ఏడు జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు వచ్చారు. 2011 నుంచి ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పుకు, మందులకు, రక్తానికి, రానూపోనూ బండికి పైసా తీసుకోకూడదన్న నియమం వచ్చింది. 2017లో తెలంగాణ కేసీఆర్ కిట్ ఇచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు నూటికి తొంభై ఆరు, తొంభై ఏడు కాన్పులు ఆస్పత్రుల్లోనే. రాత్రిపూట ఎడ్లబండి మీద తీసుకొస్తూ దారిలోనే పోగొట్టుకున్న తల్లుల కథలు ఈ సభలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ కథలు నిజంగా తగ్గాయి.

ఇక కాన్పుకు ముందు సంగతి.

హైదరాబాదు రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఆస్పత్రి తెలియనివాళ్లు తెలుగునాట అరుదు. చివరి నిజాం రెండో కుమారుడు మొజ్జం జా భార్య నిలోఫర్. టర్కీ రాజవంశపు ఆడపడుచు. ఆమె పరిచారికల్లో ఒకరు కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయారు. ఇంకొక ఆడమనిషికి ఈ గతి పట్టకూడదని నిలోఫర్ పట్టుబట్టడం వల్ల ఆ ఆస్పత్రి కట్టారు. 1953లో తెరుచుకుంది. అందరూ చెప్పే కథ ఇక్కడితో ఆగుతుంది. నిలోఫర్‌కు బిడ్డలు కలగలేదు. ఆమె భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు. 1952లో విడాకులయ్యాయి. ఆస్పత్రి తలుపులు తెరిచేనాటికి ఆమె ఆ ఇంటి కోడలు కాదు. అంత సంపద, అంత పలుకుబడి ఉన్న ఇంట్లో కూడా బిడ్డలు లేకపోవడం భార్య ఒక్కదాని బరువే అయింది.

మన ఇళ్లలో ఇవాళ్టికీ పెళ్లయిన మూడో నెల నుంచే "విశేషం ఏమైనా ఉందా?" అని అడగడం మొదలవుతుంది. ఏడాది దాటితే అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఆమెకు స్కానింగులు, రక్తపరీక్షలు, గర్భసంచి ట్యూబులకు ఎక్స్‌రే, అన్నీ అయిపోతాయి. అబ్బాయికి చేయాల్సింది ఒకే ఒక్క వీర్యపరీక్ష. నొప్పి లేనిది, ఖర్చు తక్కువది. అది మాత్రం చిట్టచివరికి వస్తుంది, కొన్ని ఇళ్లలో అసలు రాదు. బిడ్డలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యపుస్తకాలన్నీ చెబుతాయి. మొదటి రోజే ఇద్దరికీ కలిపి పరీక్ష రాయడమన్న నియమం ప్రతి ఆస్పత్రిలో ఉంటే ఎంతమంది ఆడపిల్లలకు ఎన్ని ఏళ్ల అవమానం తప్పేదో!

సంతాన సాఫల్య కేంద్రాలు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ వెలిశాయి. బోర్డు మీద నవ్వే పాప బొమ్మ ఉంటుంది. ఒక్క విడత ఐవీఎఫ్‌కు ఖర్చు లక్షల్లో. ఒక్క విడతలో ఫలించేవాళ్లకన్నా ఫలించనివాళ్లే ఎక్కువ. ఈ మాటను ముందే, ఇద్దరినీ కూర్చోబెట్టి, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. పొలం అమ్మి, పుస్తెలు కుదువబెట్టి వచ్చినవాళ్లకు ఆ మాట రెండో విడత విఫలమయ్యాక తెలియకూడదు. 2021లో ఈ కేంద్రాలకు చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. సలహా చెప్పే కౌన్సెలర్ ఉండాలని కూడా ఉంది. గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వమే ఐవీఎఫ్ కేంద్రం తెరవడం నాకు నిజంగా సంతోషం కలిగించిన వార్త. సంతానలేమి కూడా పేదవాడి జబ్బేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది.

అమ్మ కావాలనుకున్న రోజు నుంచే అందాల్సిన సాయం ఇంకొకటుంది. దానికి లక్షలు అక్కర్లేదు. ఫోలిక్ యాసిడ్ మాత్ర. పిండంలో వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని ఆమెకు అప్పటికి అనుమానం కూడా సరిగా వచ్చి ఉండదు. ఆమె మా దగ్గరికి వచ్చి పేరు రాయించుకునేసరికి రెండో నెలో, మూడో నెలో. అప్పుడు మేం రాసే మాత్ర ఆమె రక్తానికి పనికొస్తుంది గానీ బిడ్డ వెన్నుకు ఆలస్యమైపోతుంది. గర్భానికి ముందే ఈ విటమిన్ మొదలుపెడితే, అలాంటి లోపం ఉన్న బిడ్డను ఒకసారి కన్న తల్లుల్లో అది మళ్లీ రావడం దాదాపు మూడొంతులు తగ్గుతుందని 1991లోనే పెద్ద పరిశోధన తేల్చింది. ఈ విటమిన్ కథ మొదలైంది కూడా మన దేశంలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థంతో వాళ్లు కోలుకోవడం చూసింది. అందులో ఉన్న మేలేమిటో తర్వాత పదేళ్లకు పైగా గడిచాక గానీ తేలలేదు. అదే ఫోలిక్ యాసిడ్. మిల్లు కూలీల నెత్తుటిలో దొరికిన ఆ జ్ఞానం పెళ్లిచూపుల నాటికే మన ఆడపిల్లలకు అందాలి. పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితంతోపాటు ఆ మాత్రల డబ్బా చేతిలో పెట్టడానికి ప్రభుత్వానికి ఏ పెద్ద పథకమూ అక్కర్లేదు.

నిలవని గర్భాల మాట. "కడుపు పోయింది" అని ఒక్క ముక్కలో చెప్పి, మూడో రోజుకే ఆమెను నాట్లకు పంపడం చూశాను. "మళ్లీ వస్తుందిలే" అన్న ఓదార్పు తప్ప ఇంకేమీ దొరకదు. ఆఫీసుల్లో పనిచేసే చదువుకున్న అమ్మాయిలకు కూడా తెలియని సంగతి ఒకటుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచే గర్భస్రావం అయిన స్త్రీకి ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. డాక్టరు సర్టిఫికెట్ చాలు. చాలామంది జ్వరమని రాసి సిక్ లీవు పెడుతున్నారు. ఆ ఆరు వారాలు అడిగి తీసుకోండి. అడగడం ఒకరు మొదలుపెడితే పక్క సీటు అమ్మాయికి ధైర్యం వస్తుంది.

గర్భం నిలిచాక మన వ్యవస్థ కాస్త చురుగ్గానే కదులుతుంది. కార్డు, టీడీ సూది, స్కానింగు, ప్రతినెలా తొమ్మిదో తేదీన డాక్టరు పరీక్ష. అయినా గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 53కు పైనే. ఐరన్ మాత్రలు ఇవ్వడం లేదా అంటే ఇస్తున్నాం. 180 రోజులకు సరిపడా ఇస్తున్నాం. ఆ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది. అది మామూలేనని ఎవరూ చెప్పకపోతే నాలుగో రోజుకు డబ్బా అటక ఎక్కుతుంది. సిస్టరమ్మ మాత్రలిచ్చి ఊరుకునేవారు కాదు. "రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకో, టీ తాగిన గంటలో వద్దు, నిమ్మకాయ నీళ్లతో అయితే ఇంకా మంచిది" అని చెప్పి, పది రోజులకు ఇంటికెళ్లి డబ్బాలో ఎన్ని మిగిలాయో ఎంచేవారు.

తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు పెడుతున్నారు. అక్కడే కూర్చుని తినాలి. ఎందుకిలా, ఇంటికి ఇచ్చేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. ఒక అంగన్‌వాడీలో నేను చూసింది చెబుతాను. ఆరో నెల గర్భిణి. అన్నం, పప్పు తినేసింది. గుడ్డును మాత్రం పొట్టు తీయకుండానే మెల్లగా కొంగు చివర ముడేసుకుంది. టీచరమ్మ చూసింది. కోప్పడలేదు. లోపలికెళ్లి ఇంకొక గుడ్డు తెచ్చి, పొట్టు తీసి, ఉప్పు మిరియం చల్లి చేతిలో పెట్టింది. "అది పెద్దోడికి తీసుకుపో, ఇది మాత్రం నా ముందు తినమ్మా" అంది. ఆ రెండో గుడ్డుకు రిజిస్టరులో లెక్క లేదు. టీచరమ్మ తన జీతంలోంచి పెట్టుకుంది. అక్కడే తినాలన్న నియమం వెనకున్న కారణం ఆ కొంగుముడిలో ఉంది.

డబ్బు సాయం గురించి రెండు మాటలు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికి, బాలింతకు ఆరు వేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాసింది. 2017లో వచ్చిన మాతృవందన యోజన మొదటి బిడ్డకే, అదీ ఐదు వేలు అంది. 2022 నుంచి రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలు ఇస్తున్నారు. చట్టంలో ఉన్న మాటకూ చేతిలో పడే డబ్బుకూ మధ్య ఈ తేడా న్యాయం కాదు. మన పక్కనున్న తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పేరిట నడిపే పథకంలో 18,000 రూపాయల విలువైన సాయం ఇస్తోంది. పత్తి చేలో వంగి పనిచేసే మనిషికి ఎనిమిదో నెలలో కూలి మానుకునే ధైర్యం ఐదు వేలతో రాదు.

కాన్పు గది విషయంలో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు కోతలే. ప్రైవేటులో 81. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42. ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లున్నారు, నొప్పుల భయంతో వచ్చేవాళ్లున్నారు, ఆగే ఓపిక లేని మా డాక్టర్లూ ఉన్నారు. నొప్పుల్లో ఉన్నప్పుడు చెయ్యి పట్టుకునే మనిషి పక్కనుంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. కాన్పు గదిలోకి ఒక ఆడతోడును రానివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. చాలా చోట్ల ఆ తోడు ఇవాళ్టికీ గది బయట బెంచీ మీదే ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అలా తయారైన మిడ్‌వైఫ్‌లు నొప్పుల్లో ఉన్న అమ్మాయిని నడిపిస్తూ, బంతి మీద కూర్చోబెడుతూ, నడుం రుద్దుతూ గంటల తరబడి వెంట ఉండడం నేను చూశాను. ప్రతి కాన్పు గదికీ వాళ్లు కావాలి.

కాన్పు అయిపోయింది. మూడో రోజో, కోత అయితే ఏడో రోజో ఇంటికి పంపుతాం. బండి ఇంటి గుమ్మం దాకా దింపుతుంది. మా రిజిస్టరులో "తల్లీబిడ్డా క్షేమం" అని రాస్తాం. అసలు గండం ఇక్కడే మొదలవుతుందని ప్రసూతి వైద్యం చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. తల్లుల మరణాల్లో ఎక్కువ భాగం కాన్పు తర్వాతి గంటల్లో, రోజుల్లోనే. రక్తస్రావం, గుర్రపువాతం, ఇన్‌ఫెక్షన్. కాన్పుకు ముందు లేని బీపీ ఐదో రోజున పెరగవచ్చు. బాలింత తలనొప్పి అంటే చలిగాలి తగిలిందని చెవుల్లో ఇంకాస్త దూది పెట్టి ఊరుకుంటాం.

మన పెద్దలు ఈ కాలానికి ఒక ఏర్పాటు చేసిపెట్టారు. తొలికాన్పు పుట్టింట్లో. పురిటిస్నానం, ఒంటికి నూనె, కాయం, వెల్లుల్లి కారం, పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు ఉయ్యాల, మూడో నెలో ఐదో నెలో సారెతో అత్తింటికి. ఇందులో గొప్ప మేలుంది. అన్ని వారాలు ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లదు. రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి అమ్మ ఉంటుంది. ఇందులో కీడూ ఉంది. మంచినీళ్లు ఎక్కువ తాగనివ్వరు. కూరలు, పప్పు, పండ్లు పథ్యం పేరుతో ఆపేస్తారు. ముర్రుపాలు పిండి పారబోసి, బిడ్డ నాలుకకు తేనె రాస్తారు. వంద శాతం ఆస్పత్రి కాన్పులకు చేరువైన తెలంగాణలో 2019-21 సర్వే నాటికి పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది నూటికి 37 మంది పిల్లలకే. దీనికి అమ్మమ్మలను నిందించి లాభం లేదు, కోత తర్వాత బిడ్డను గంటల తరబడి వేరే గదిలో ఉంచుతున్నది మేమే. "పాలు పడలేదు" అన్న మాట ఆ గదిలోనే పుడుతుంది, పాలడబ్బా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు ఆ పుట్టిల్లు కూడా మారింది. అమ్మ ఉపాధి కూలికో, దుకాణంలో పనికో వెళ్తోంది. గచ్చిబౌలి అపార్టుమెంటులో ఉన్న అమ్మాయికి అమ్మ రెండు నెలలకు మించి ఉండలేదు. డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి అమ్మ రావాలంటే వీసా స్లాటు దొరకాలి. ఏర్పాటు పోయింది, దాని స్థానంలోకి ఏదీ రాలేదు.

ఏం రావాలో ప్రాణహిత అవతలి ఒడ్డున ఎప్పుడో చేసి చూపించారు. గడ్చిరోలి జిల్లా మనకు పొరుగు. సిరోంచ వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, బాలింతల ఇళ్లకు పంపారు. వాళ్లు బిడ్డను తూచేవారు, ఒళ్లు చల్లబడకుండా చుట్టడం నేర్పేవారు, ఊపిరి లెక్కపెట్టేవారు, ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే తామే సూదిమందు ఇచ్చేవారు. ఆ ఊళ్లలో నెలలోపు శిశుమరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. దాన్ని చూసే 2011లో దేశమంతటా ఆశాల ఇంటి సందర్శనలు పెట్టారు. ఆస్పత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఆరు సందర్శనలూ పూర్తయితే ఆశాకు 250 రూపాయలు. అంటే ఒక్కో ఇంటికి నలభై రూపాయల పైచిలుకు. అన్ని సర్వేలూ ఆమె నెత్తినే పెట్టి, బాలింత ఇంటికి వెళ్లలేదని ఆమెనే తప్పుపట్టడం అన్యాయం.

ఆ సందర్శనలోనూ తూకం బిడ్డదే. ఫారంలో ఎక్కువ గళ్లు బిడ్డవే. తల్లి మనసు ఎలా ఉందో అడిగే మనిషి ఎవరు? సిస్టరమ్మ పద్ధతి నాకు తెలుసు. ఇంట్లోకి వెళ్లగానే అత్తగారినో, అమ్మనో "కాస్త వేణ్ణీళ్లు పెట్టండమ్మా, చేతులు కడుక్కోవాలి" అని వంటింట్లోకి పంపేవారు. గదిలో ఇద్దరే మిగిలాక అడిగేవారు: "బిడ్డ పడుకున్నప్పుడైనా నీకు నిద్ర పడుతోందా తల్లీ?" బిడ్డ ఏడుపు వల్ల నిద్ర లేకపోవడం వేరు, బిడ్డ నిద్రపోయినా కన్ను మూతపడకపోవడం వేరు. రెండో జవాబు వస్తే ఆవిడ ఆ ఇంటికి మర్నాడు మళ్లీ వెళ్లేవారు.

మొదటి వారంలో వచ్చే ఏడుపు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా తగ్గని దిగులు, బిడ్డను ముట్టుకోబుద్ధి కాకపోవడం, చచ్చిపోవాలనిపించడం జబ్బు. దానికి మందుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించే లోపే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. కేరళలో 2004 నుంచి ప్రతి తల్లి మరణాన్నీ డాక్టర్లే గోప్యంగా సమీక్షిస్తున్నారు. ఆ నివేదికల్లో ఆత్మహత్యలను కూడా లెక్కలోకి తెస్తున్నారు. మన దగ్గరా ఆ లెక్క బయటికి రావాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే వార్డు ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, మూడేళ్లలోపు బిడ్డను చికిత్స పొందే తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని చెబుతోంది. తెలుగు రాష్ట్రాల ప్రతి బోధనాస్పత్రిలో అలాంటి నాలుగు మంచాలు అడుగుతున్నాను. ఈలోగా ప్రభుత్వ మానసిక సాయం నంబరు 14416కు ఏ వేళ ఫోను చేసినా తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారు. ఈ నంబరును బిడ్డ టీకా కార్డు మీద పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి.

తండ్రుల సంగతి. 26 వారాల ప్రసూతి సెలవు 2017లో వచ్చింది. దుకాణాలు, ఆఫీసుల్లో కనీసం పదిమంది పనిచేసే చోటికే ఆ నియమం వర్తిస్తుంది. పొలాల్లో, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు దాని బయటే ఉన్నారు. తండ్రికి కేంద్ర ప్రభుత్వోద్యోగమైతే 15 రోజులు. ప్రైవేటులో యజమాని దయ. బిడ్డ ఒళ్లు తుడవడం, పక్కగుడ్డలు ఉతకడం, రాత్రి రెండింటికి లేచి పాపను తల్లికి అందించడం ఏ మగవాడికైనా వచ్చే పనులే. చేసిన మగవాళ్లను నేను వార్డులో చూశాను. వాళ్లను చూసి పక్క మంచం వాళ్లు నేర్చుకున్నారు.

ఈ స్మారక సమితి పోగుచేసిన నిధిని ఎలా వాడాలో సలహా చెప్పమని నిర్వాహకులు అడిగారు. విగ్రహం వద్దు. ఈ మండలంలో రిటైరైన నర్సులు, ఏఎన్ఎంలు ఉన్నారు. వాళ్లలో ఇష్టపడిన కొందరికి నెలకింత గౌరవవేతనం ఇవ్వండి. ఆశాతో కలిసి ప్రతి బాలింత ఇంటికీ వెళ్లమనండి. మొదటిసారి మూడో రోజున. సంచిలో బీపీ మిషను, థర్మామీటరు, బిడ్డను తూచే త్రాసు, ఒక నోటుపుస్తకం ఉండాలి. ఆ పుస్తకంలో తల్లి పేజీ ముందు, బిడ్డ పేజీ తర్వాత. తల్లి పేజీలో మొదటి గడి బీపీకి, రెండోది రక్తానికి, మూడోది ఇంట్లో తోడు ఎవరున్నారన్నదానికి. తోడు లేరని రాసిన ఇంటికి ఏడో రోజు దాకా ఆగకుండా నాలుగో రోజే మళ్లీ వెళ్లాలి. మొదటి ఏడాదికి అయ్యే ఖర్చులో నా వంతు ఈ సాయంత్రమే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.